జహ్రాలో జట్టు నిలిచింది, హైదరాబాద్‌లో ఎందుకు నిలవలేదు?

అమ్ఘరాలో స్క్రాప్ యార్డుల్లో, కలప గోదాముల్లో, ట్రాలీల మీద పనిచేసే మనవాళ్లకు పక్కనున్న జహ్రా కొత్త ఊరు కాదు. సరుకులకు పోతాం, సెలవు రోజున అక్కడి ఎర్రకోట ముందు నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపిస్తాం. 1920లో ఆ కోట దగ్గర పెద్ద యుద్ధం జరిగిందని కూడా చాలామందికి తెలుసు. అదే జహ్రాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉందని, ఆ క్లబ్బు ఒకసారి మొత్తం కువైట్ లీగ్‌నే గెలిచిందని మాత్రం నాకు ఇక్కడికి వచ్చిన చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, 2023 నవంబర్ 16న జాబర్ అల్ అహ్మద్ స్టేడియంలో ఇండియా, కువైట్ మధ్య ప్రపంచకప్ క్వాలిఫయింగ్ మ్యాచ్ జరిగింది. మన్‌వీర్ సింగ్ 75వ నిమిషంలో కొట్టిన గోల్‌తో ఇండియా 1-0తో గెలిచింది. గ్యాలరీల్లో ఎటు చూసినా మన దేశం వాళ్లే. ఆ రాత్రి రూముకొచ్చాక వాదన మొదలైంది. ఇంతమందిమి టికెట్ కొని చూశాం కదా, మరి మన విశాఖకో, కడపకో, కరీంనగర్‌కో సొంతంగా ఒక ప్రొఫెషనల్ జట్టు ఎందుకు ఉండదు? "మన దగ్గర క్రికెట్ తప్ప ఇంకోటి ఎవడు చూస్తాడన్నా" అని ఒకరు. "ఊరు చిన్నదైతే డబ్బు పుట్టదు" అని ఇంకొకరు. నాకు రెండు మాటలూ పూర్తిగా నిజం అనిపించలేదు. అప్పటినుంచి తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు జహ్రా సంగతి. కువైట్ లీగ్ 1961-62లో మొదలైంది. అల్ అరబీ, ఖాద్సియా, కువైట్ క్లబ్, కజ్మా, సాల్మియా, గెలిచేవాళ్లంతా దాదాపు సిటీ పక్కవాళ్లే. జహ్రా క్లబ్ 1966లో పుట్టింది. ఎడారి అంచున, సిటీకి ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న ఊరు. అలాంటి జట్టు 1989-90 సీజన్‌లో లీగ్ గెలిచింది. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది. అప్పుడు ఇక్కడున్న మన పెద్దవాళ్లు కట్టుబట్టలతో జోర్డాన్ మీదుగా ఎలా ఇల్లు చేరారో మనకు తెలిసిందే. 1982 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ మ్యాచ్ మధ్యలో మైదానంలోకి దిగి, ఇచ్చిన గోల్‌ను రద్దు చేయించిన షేక్ ఫహద్ గురించి వినే ఉంటారు. ఆయన ఆ దాడి మొదటి రోజునే దస్మాన్ ప్యాలెస్ దగ్గర చనిపోయారు. మరుసటి ఏడాది లీగ్ జరగలేదు. జహ్రా ఆ తర్వాత ఇంకెప్పుడూ లీగ్ గెలవలేదు, కింది డివిజన్‌కు కూడా దిగిపోయింది. అయినా క్లబ్బు ఎక్కడికీ పోలేదు. ఆ పేరుతోనే, ఆ ఊళ్లోనే ఉంది.

ఎలా నిలిచింది? టికెట్ల డబ్బుతో మాత్రం కాదు. ఇక్కడ మామూలు లీగ్ మ్యాచ్‌కు స్టేడియం నిండటం అరుదని, ఎప్పుడైనా లోపలికి వెళ్లి చూసినవాళ్లకు తెలుసు. ఫహాహీల్, ఖైతాన్, ఫర్వానియాలో తదామున్, అర్దియాలో నస్ర్, సులైబిఖాత్, మనం బస్సులో దాటిపోయే ప్రతి పేటకూ ఒక క్లబ్బు కనిపిస్తుంది. స్థలం, స్టేడియం సర్కారువి. ఏటా గ్రాంటు వస్తుంది. క్లబ్బులో సభ్యులైన స్థానికులు ఓటేసి కమిటీని ఎన్నుకుంటారు. అంటే ఏ ఒక్కరూ "నాకు నష్టం వస్తోంది, జట్టును వేరే ఊరికి తీసుకుపోతా" అనడానికి వీల్లేదు. ఈ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. ఆటల పెత్తనంలో సర్కారు చేయి ఎక్కువైందని ఫిఫా 2015 అక్టోబర్‌లో కువైట్‌ను బహిష్కరించింది. 2017 డిసెంబర్‌లో గానీ ఆ నిషేధం ఎత్తలేదు. సర్కారు డబ్బు ఊరికే రాదు, దాని వెంట పెత్తనమూ వస్తుంది. ఆ సంగతి పక్కన పెడితే, చిన్న ఊరు జట్టును నిలబెట్టుకోవడానికి ఇదొక దారి.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మన చరిత్ర తక్కువదేం కాదు, నిజానికి జహ్రా కన్నా చాలా పెద్దది.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా పట్టుకొచ్చింది. ఫైనల్లో ఓడింది ఎవరనుకున్నారు? కలకత్తా మోహన్ బగాన్. ఆ జట్టును తీర్చిదిద్దిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఊళ్లో అందరికీ రహీం సాబ్. వృత్తికి స్కూలు మాస్టారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ. ఆయనే ఇండియా జట్టుకు కూడా కోచ్ అయ్యారు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన చేతి మీదుగానే. ఆ మెల్‌బోర్న్ జట్టులో అరడజను మందికి పైగా హైదరాబాద్‌లో ఆట నేర్చినవాళ్లే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికర్, తంగరాజ్, బలరాం. క్యాన్సర్‌తో బాధపడుతూనే జకార్తా వెళ్లి పతకం తెచ్చిన రహీం సాబ్ 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన మీద అజయ్ దేవగణ్ సినిమా 2024లో వచ్చింది, మీలో కొందరు చూసే ఉంటారు.

ఇక్కడ మనం గమనించాల్సింది పతకాలను కాదు, జీతాన్ని. ఆ రోజుల్లో ఆ ఆటగాళ్లు దేని మీద బతికారు? పోలీసు ఉద్యోగం మీద. బాగా ఆడే కుర్రాడిని డిపార్ట్‌మెంట్‌లోకి తీసుకునేవారు. నెల తిరిగేసరికి జీతం, ముసలితనంలో పింఛను. ఇంట్లో అమ్మానాన్నకు "బంతి తన్ని ఏం బాగుపడతావు" అనే మాట లేకుండా పోయింది. పేరుకు ప్రొఫెషనల్ ఆట కాకపోయినా, అసలు విషయంలో అదే ప్రొఫెషనల్ ఆట. ఆట వల్లే పొయ్యి వెలిగేది. ఊళ్లో ఉన్న ఒక సంస్థ, ఊళ్లోనే ఉండే ఉద్యోగం, ఊరి కుర్రాళ్లు. 1956, 57ల్లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కు వచ్చింది, 1965లో ఆంధ్రప్రదేశ్ పేరు మీద మళ్లీ వచ్చింది.

ఆ తర్వాత ఆ బలం కరిగిపోయింది. కారణాలు చాలా చెబుతారు. రహీం సాబ్ లాంటి మనిషి మళ్లీ దొరకలేదు, క్రికెట్ పెరిగింది, ఖాళీ స్థలాల మీద ఇళ్లు లేచాయి. అన్నీ నిజమే గానీ నాకు పెద్దగా కనిపించేది ఇంకొకటి ఉంది. కలకత్తాలో క్లబ్బులు డబ్బిచ్చేవి. మంచి ఆటగాడికి ఇక్కడి కానిస్టేబుల్ ఉద్యోగం కన్నా అక్కడి క్లబ్బు పిలుపు పెద్దదైంది.

తులసీదాస్ బలరాం సంగతే తీసుకోండి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ అద్దె కూడా లేకపోతే ఆ డబ్బు రహీం సాబ్ ఇచ్చారని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. అంతటి ఆటగాడు 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. జబ్బు చేసి ఆట తొందరగానే ఆగిపోయింది. తర్వాత రైల్వే జట్టు బీఎన్ఆర్‌లో ఉద్యోగం, కోచింగ్. జీవితమంతా బెంగాల్లోనే, ఉత్తర్‌పాడాలోనే గడిచిపోయింది. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే పోయారు. పని ఉన్న చోటికి పోయి, ఏటికేడు "వచ్చే ఏడు వెళ్లిపోదాం" అనుకుంటూ అక్కడే ఉండిపోవడం ఏమిటో మనకు ఒకరు చెప్పాలా?

ఇక ఈ మధ్య కథ. 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మూతపడిన పుణె జట్టు స్థానంలో ఐఎస్ఎల్‌లోకి దిగింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం. మొదటి సీజన్‌లో ఆఖరి స్థానం. తర్వాత స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చి జట్టును మార్చేశాడు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, పెనాల్టీల్లో 3-1. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ సీజన్‌లో నైజీరియా ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. మన నగరం దేశానికి ఛాంపియన్!

కానీ ఆ విజయాన్ని హైదరాబాద్ కళ్లారా చూడలేదు. కరోనా వల్ల రెండు సీజన్ల లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. జట్టు బాగా ఆడిన రోజుల్లో గచ్చిబౌలి ఖాళీగా ఉంది. జనం అలవాటు పడేలోపే డబ్బు కష్టాలు మొదలయ్యాయి. 2023-24లో జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు. 2024లో యాజమాన్యం మారింది. 2025 అక్టోబర్‌లో జట్టు ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది. మధ్యలో ఆరేళ్లు మన దగ్గర బస చేసింది, అంతే.

జీతం ఆగితే ఎలా ఉంటుందో ఈ పుస్తకం చదివేవాళ్లకు నేను వివరించక్కర్లేదు. మైదానంలో పరుగెత్తేవాడైనా, క్రేన్ కింద నిలబడేవాడైనా మూడో నెల వచ్చేసరికి ఒకటే లెక్క.

కోటి మంది ఉన్న నగరానికే ఇలా జరిగితే, చిన్న ఊరి మాటేమిటి అని మీరు అడగొచ్చు. అక్కడే లెక్క తిరగబడుతుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టిన నెలలోనే, 2019 ఆగస్టులోనే, ఢిల్లీ డైనమోస్ అనే జట్టు రాజధానిని వదిలి భువనేశ్వర్ వెళ్లింది, ఒడిశా ఎఫ్‌సీ అయింది. దేశ రాజధాని ఎక్కడ, భువనేశ్వర్ ఎక్కడ! కానీ ఒడిశా సర్కారు ఆటల మీద ఖర్చుపెట్టింది, కళింగ స్టేడియం ఇచ్చింది. 2023లో ఆ జట్టు సూపర్ కప్ గెలిచింది. అంతకన్నా చిన్న ఊరు మిజోరంలోని ఐజ్వాల్. 2011 జనాభా లెక్కల్లో మూడు లక్షలు కూడా లేదు, మన కడప కన్నా చిన్నది. ఆ ఐజ్వాల్ ఎఫ్‌సీ 2016-17లో ఐ-లీగ్ గెలిచింది, మోహన్ బగాన్‌ను రెండో స్థానానికి నెట్టి. అది గాలిలోంచి ఊడిపడలేదు. 2012 నుంచి వాళ్లకు సొంత రాష్ట్ర లీగ్ ఉంది, ఊరి కేబుల్ టీవీ ఆ మ్యాచ్‌ల హక్కులు కొని ఇంటింటికీ చూపించింది. ఆడేవాడు మేనమామ కొడుకో పక్కింటి కుర్రాడో అయితే జనం ఎందుకు చూడరు?

విశాఖ సంగతి చెప్పకపోతే ఇది పూర్తికాదు. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌కు కొత్త జట్లను పిలిచినప్పుడు శ్రీనిధి అనే సంస్థకు విశాఖపట్నం పేరు మీద చోటిచ్చింది. విశాఖకు జాతీయ లీగ్ జట్టు అని పేపర్లలో వచ్చింది. 2021-22లో ఆడటం మొదలెట్టేసరికి దాని పేరు శ్రీనిధి దక్కన్, ఇల్లు హైదరాబాద్. నగరం శివార్లలో అజీజ్‌నగర్ దగ్గర సొంత మైదానం కట్టుకున్నారు, 2022-23లోనూ 2023-24లోనూ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచారు. తప్పుపట్టడానికి లేదు, సంస్థ ఉన్నదే హైదరాబాద్‌లో. ఆటలో వాళ్లు మన పరువు నిలబెట్టారు కూడా. కానీ విశాఖకు కాగితం మీద వచ్చిన జట్టు మైదానం మీదికి రాలేదన్నది వాస్తవం.

ఒకసారి మనమే లెక్క వేద్దాం. ఇది ఏ క్లబ్బు ఖాతా పుస్తకమూ కాదు, రూములో కాగితం మీద వేసిన అంచనా. పాతిక మంది ఆటగాళ్లు, తలా నెలకు 40,000 రూపాయలు. నెలకు 10 లక్షలు, పది నెలల సీజన్‌కు కోటి. కోచ్, డాక్టర్, రైలు టికెట్లు, హోటళ్లు, మైదానం నీళ్లు అదనం. ఇప్పుడు రాబడి. సొంత ఊళ్లో 12 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు 3,000 మంది, టికెట్ 50 రూపాయలు. మొత్తం 18 లక్షలు. జీతాల్లో ఐదో వంతు కూడా రాలేదు. ఊరు రెట్టింపు పెద్దదైనా, జనం రెట్టింపు వచ్చినా ఈ గొయ్యి పూడదు. అందుకే "ఊరు చిన్నది" అన్న వాదన నాకు రుచించదు. టికెట్లతో పెద్ద ఊరికీ గిట్టదు, చిన్న ఊరికీ గిట్టదు. తేడా వచ్చేది మిగతా డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది, ఆ జేబు ఊళ్లోనే ఉంటుందా అన్న దగ్గరే.

స్పెయిన్‌లో విల్లారియల్ అని యాభై వేల మంది ఉన్న ఊరు. టైల్స్ వ్యాపారం చేసే ఆ పక్క మనిషే క్లబ్బును కొన్నాడు, 2021లో ఆ జట్టు యూరోపా లీగ్ గెలిచింది. అదే దేశంలో ఐబార్ అని ఇంకా చిన్న ఊరు, పాతిక వేల చిల్లర జనం. 2014లో ఆ జట్టు పై లీగ్‌కు ఎక్కింది. అప్పులేమీ లేవు, అయినా మూలధనం చాలదు, ఇంకో 17 లక్షల యూరోలు చూపించకపోతే దింపేస్తామన్నారు. ఊరివాళ్లు కంగారుపడి ఏ సేటు కాళ్లూ పట్టుకోలేదు. చిన్న చిన్న వాటాలు అమ్మకానికి పెట్టారు, ఒక్కరే వచ్చి మొత్తం మింగేయకుండా ఒక మనిషి ఇంతకు మించి కొనకూడదని హద్దు గీశారు. ప్రపంచం నలుమూలల నుంచి జనం కొన్నారు, డబ్బు సమకూరింది. ఏడు సీజన్లు ఆ ఊరు బార్సిలోనాతో, మాడ్రిడ్‌తో ఆడింది.

మన ఊళ్లకు సర్కారు ఉద్యోగాల దారి ఇప్పుడు ఇరుకైంది. స్పోర్ట్స్ కోటాలో వచ్చే పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెద్ద సేటు దారి ఏమవుతుందో గచ్చిబౌలిలో చూశాం. 2025 జులైలో ఐఎస్ఎల్ సీజన్‌నే కొంతకాలం నిలిపేశారు, ఆ మెట్టుకు ఇప్పుడే ఎగబాకాల్సిన తొందరా లేదు. నాకు తోచింది మూడో దారి. ఏడాదికి 200 రూపాయలు, అంటే ఇక్కడి డబ్బులో ఒక దినార్ లోపే. యాభై వేల మంది సభ్యులైతే కోటి రూపాయలు. మనం వేసుకున్న జీతాల లెక్క అంతే కదా. విశాఖ లాంటి ఊరికి యాభై వేలు కొండేమీ కాదు, బయట దేశాల్లో ఉన్నవాళ్లను కలుపుకుంటే కడపకూ కాదు. ఇక్కడ మలయాళీ అన్నలను చూడండి. కెఫాక్ అని సంఘం పెట్టుకుని, జట్లు కట్టుకుని, సెలవు రోజున లీగ్ ఆడుకుంటున్నారు. వాళ్లూ మనలాగే డ్యూటీలు చేసేవాళ్లే.

అయితే డబ్బు కన్నా ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. జట్టు పేరు, లైసెన్సు ఎవరి పేరున ఉంటాయి? ఒక మనిషికి ఎన్ని ఓట్లు? లెక్కలు ఎవరు చూపిస్తారు, ఎప్పుడు చూపిస్తారు? చీటీల పేరుతో మనవాళ్లు ఎంత పోగొట్టుకున్నారో తెలుసు కాబట్టి ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు లేకుండా ఒక్క ఫిల్స్ కూడా ఇవ్వొద్దనే చెబుతాను. జహ్రాలో కమిటీ ఎన్నికలు, ఐబార్‌లో వాటాల హద్దు, రెండూ ఈ భయానికి వేసిన తాళాలే.

ఈ లెక్క మా రూములో చదివి వినిపించాను. పద్నాలుగు మందిమి ఉన్నాం. పదకొండు మంది 200 ఇస్తామన్నారు. ఇద్దరు, క్రికెట్ జట్టయితే 500 ఇస్తామన్నారు. మిగిలిన ఒకాయన రాయచోటి వైపు మనిషి, పెద్దాయన. ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు తను చిన్నప్పుడు ఆడిన గ్రౌండు ఇంకా ఉందో, ప్లాట్లు వేసి అమ్మేశారో చూసొచ్చి చెబుతానన్నాడు.